పొలిమేర దాటని సాక్షి

మూడో రోజు కూడా మా ఆయన ఒంటినిండా పేడనీళ్ళతోనే ఇంటికొచ్చాడు.

హైస్కూల్లో లెక్కలు చెప్పే ఫల్గుణ మాష్టారు. చెవిలోంచి పేడ కారుతుంటే పెరట్లో గోలెం పక్కన నిలబడి, "సత్యా, బేగి నీళ్ళు పొయ్యి" అన్నాడు. పోశాను. నవ్వు ఆగలేదు, దాచుకోవడం ఎందుకు? చల్లినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ కొండల్లో ఎండాకాలం చేసే ఇటుకల పండగలో వేటకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మగాడికి ఊరి ఆడోళ్ళు చేసే మర్యాద అది. మొగుడు కదా అని వదిలేస్తే ఆ మర్యాద నాకు జరుగుతుంది.

"నవ్వకు వదినా, నీకు దణ్ణం పెడతాను" అంది రాజకుమారి గుమ్మంలోంచి. "ఇవాళ మంగళవారం. ఆదివారం నా ఫ్లైటు."

మా ఆడపడుచు చేతిలో అదే కాగితం. వచ్చిన రోజు నుంచీ దాన్ని కింద పెట్టలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒళ్ళోనే.

"ఒక్క కుందేలు కూడా దొరకలేదా అన్నయ్యా?"

"కుందేలా? మూడు రోజులకి ఒక ఉడత కనిపించింది. అదీ మమ్మల్ని చూసి నవ్వింది."

"నాకు హాస్యంగా లేదు."

"నాకున్నట్టు కనిపిస్తున్నానా?" అని తల మీంచి ఇంకో ముద్ద తీసి విసిరాడు మా ఆయన.

అరుగు మీద మా అత్త సోములమ్మ అడ్డపొగ పీలుస్తూ కూర్చుంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అంత నిమ్మళంగా ఎలా ఉంటుందో పన్నెండేళ్ళయినా నాకు అర్థం కాలేదు. నేను పార్వతీపురం పిల్లని. ఈ కొండమీదికి నర్సమ్మగా వచ్చి, మాష్టారిని చేసుకుని, ఇక్కడే ఉండిపోయాను.

రాజకుమారి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, ఒక్క పూట. జీపు ఇంటి ముందుకే రప్పిస్తాను. ఎస్.కోటలో నోటరీ ముందు వేలిముద్రేసి, సాయంత్రానికి వచ్చేద్దాం."

"పండగ ముయ్యలేదు."

"తెలుసమ్మా."

"తెలిస్తే ఏల అడుగుతున్నావు?"

అక్కడికి ఆ మాట అయిపోయింది. మా ఊళ్ళో వేట పడాలి, ఆ పడినదాని తలమీద పెద్దామెగా మా అత్త పసుపు పెట్టాలి, అప్పుడే పండగ మూసినట్టు. అందాకా ఊరి పెద్దలు వేటకి తప్ప పొలిమేర దాటకూడదు, నాగలి పట్టకూడదు, ఏ కాగితం మీదా వేలు వెయ్యకూడదు. నాలాంటి ఉద్యోగాలవాళ్ళని చూసీ చూడనట్టు వదిలేస్తారు. పెద్దలకి మాత్రం సడలింపు లేదు. నోటరీనే ఊళ్ళోకి మోసుకొచ్చినా మా అత్త వేలు కదలదు. ఒకప్పుడు మొదటి రోజే కణుజులాంటి పెద్ద జింక పడేదట. ఇప్పుడు అడివిలో చెట్లకంటే జీపులెక్కువ, వేటంటే ఫారెస్టోళ్ళ గొడవ ఒకటి. పండగ మాత్రం పాత లెక్కే.

ఆ కాగితంలో ఉన్నది నాలుగే ముక్కలు. రాజకుమారి అనే ఈమె ఫలానా తేదీన ఈ ఊళ్ళో పుట్టింది, పుట్టినప్పుడు మేమున్నాం, చూశాం అని ఇద్దరు పెద్దలు చెప్పాలి. ఒకరు కన్నతల్లి. రెండోవారు మా మావగారి తమ్ముడు భీముడు. మావగారు బతికుంటే ఆయనే వేసేవాడు, పోయి ఆరేళ్ళయింది. ఈ కొండల్లో పుట్టినవాళ్ళకి పుట్టిన సర్టిఫికెట్టు ఎక్కడిది? నేను వచ్చాకే కదా రిజిస్టరు పెట్టింది.

ఆ కాగితం ఉంటేనే గ్రీన్‌కార్డు అర్జీ పడుతుంది. అమెరికాలో ఉండడానికి ఆమెకిచ్చిన ఆరేళ్ళ గడువు జూన్‌తో సరి. అర్జీ పడకపోతే పెట్టేబేడా సర్దుకుని రావాలి, ఆమె పెట్టిన కంపెనీ ఇంకొకడి చేతుల్లోకి పోతుంది. పైగా ఆ ఇంకొకడు కాచుకుని కూర్చున్నాడట.

"తారీకేటన్నావు?" అని అడిగింది అత్త, పొగ వదిలి.

"డెబ్భై ఒకటి, జూలై ఒకటి."

అత్త నా వైపు చూసింది. నేను నేల చూశాను. మా ఊరి పిల్లలందరూ జూలై ఒకటినే పుట్టారు, వాళ్ళ స్కూలు హెడ్మాష్టారి దయ. అసలు సంగతి ఊరందరికీ తెలుసు. కొండల్లోకి మొదటిసారి రైలొచ్చిన రోజుల్లో, ఇదే పండగలో, మగాళ్ళంతా వేటకెళ్ళినప్పుడు ఈమె పుట్టింది. శుక్రవారం పుట్టిందని సుక్రి అన్నారు. ఆశ్రమ స్కూల్లో చేర్చుకోవడానికి వయసు ఎక్కువైందని హెడ్మాష్టారు నాలుగేళ్ళు కోసేసి, రాజకుమారి అని పేరు కూడా పెట్టి పంపాడు. పాస్‌పోర్టులో అదే, డిగ్రీలో అదే.

"పండగ ముయ్యనీ" అంది అత్త. "అప్పుడు సూద్దాం."

సాయంత్రం పొయ్యి దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అత్త భీముడింటికి వెళ్ళింది, ఆడోళ్ళ పాటలకి. రాజకుమారి కాసేపు నిప్పులు కెలికి, ఉన్నట్టుండి అంది:

"వదినా, సంతలో నాటుకోడి పుంజు దొరుకుతుందా? ఎర్రది. అచ్చం అడివికోడిలా ఉండేది."

నాకు వెంటనే వెలగలేదు. మా ఆయనకి వెలిగింది. లెక్కల మాష్టారు కదా.

"అది మోసం చెల్లీ."

"మోసం కాదన్నయ్యా. డెమో."

"డెమో ఏటి?"

అప్పుడు చెప్పింది. రెండువేల సంవత్సరంలో ఉద్యోగం మానేసి, ఒక పళ్ళడాక్టరు ఆఫీసు వెనక గది అద్దెకి తీసుకుని మొదలుపెట్టిన రోజుల సంగతి. ఆసుపత్రుల్లో నర్సులు డ్యూటీ మారేటప్పుడు ఏ రోగికి ఏమిచ్చారో, ఏమివ్వాలో తర్వాతి నర్సుకి కంప్యూటరే అప్పజెప్పాలి. అదీ ఆమె సరుకు. నా డ్యూటీ పుస్తకంలో కోడిగీతలు చూసే ఆ ఆలోచన వచ్చిందని ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంది. పని సగం కూడా అవ్వకుండానే ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు చూస్తాం, తీసుకురమ్మన్నారట.

"ఏం చేశావు?"

"చూపించాను. వాళ్ళు ఈ గదిలో బటన్ నొక్కితే, నేను పక్కగదిలో కూర్చుని చేత్తో టైపు చేశాను. స్క్రీన్ మీద అన్నీ వచ్చాయి. మురిసిపోయి సంతకాలు పెట్టారు. తర్వాత మూడు నెలలు నిద్రపోకుండా నిజంగానే చేసిచ్చాను. ఇవాళ నాలుగు ఆసుపత్రులు అదే వాడుతున్నాయి. ఎవరికేం నష్టం?"

"పక్కగదిలోకి ఎవడైనా తొంగిచూస్తే?"

"చూడలేదుగా."

"కంపెనీ అంటే అద్దాల మేడ అనుకున్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నమాట" అన్నాను.

"ఈగలు కూడా లేవు వదినా. రెండువేల ఒకటిలో పార్ట్‌నర్ వెళ్ళిపోయాడు. ఒక్కదాన్నే ఉన్నాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యకుండా బతికాను." నిప్పులు కెలుకుతున్న పుల్లని పొయ్యిలోకి విసిరింది. "ఈ ఊరినుంచి అంత దూరం వెళ్ళి, ఇంత కట్టి, ఒక కుందేలు కోసం వదులుకోమంటారా?"

"పండగకి కీడు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"కోడిని కొట్టేది నువ్వే కదా. బాణంతోనే కొట్టు. సంతలో కొన్నదైతే చావదా? అమ్మ పసుపు పెడుతుంది, పండగ మూస్తారు, అందరూ పనుల్లోకి వెళ్తారు. మూడు రోజులుగా ఊళ్ళో ఎవరూ దుక్కి దున్నలేదు. వాళ్ళకీ మంచిదేగా?"

ఆ గడుసుతనానికి నాకు ముచ్చటేసింది. ఒప్పుకుంటున్నాను. మా ఆయన పేడతో మూడు రోజులుగా కంపు కొట్టడం కూడా ఒక కారణం.

బుధవారం సంతలో టీకాలు వెయ్యడానికి వెళ్ళి, వస్తూ డ్యూటీ సంచిలో ఎర్రపుంజుని తెచ్చాను. అన్నీ బాగున్నాయి, కాళ్ళే పసుపుపచ్చగా ఉన్నాయి. అడివికోడికి కాళ్ళు బూడిదరంగు. పిల్లల నోటిపూతకి రాసే నీలం మందులో బొగ్గుపొడి కలిపి, నేనే రెండు పూతలు పూశాను. ఆరాక చూస్తే భేష్ అనిపించింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను, ఎంత సిగ్గులేని దాన్నో.

గురువారం పొద్దున్నే మా ఆయన దాన్ని గోనెలో పెట్టుకుని, వేటగాళ్ళకంటే ముందు బయల్దేరాడు.

మధ్యాహ్నం మూడింటికి కేకలు వినిపించాయి. ఆడోళ్ళం పేడ బిందెలతో దారికడ్డంగా నిలబడ్డాం. ముందు భీముడు, వెనక పది పన్నెండు మంది, మధ్యలో మా ఆయన. చేతిలో తలకిందులుగా కోడి, రొమ్ములో బాణం.

"పడింది! మాష్టరు కొట్టినాడు!" అని భీముడు గంతేశాడు. డెబ్భై ఏళ్ళ ముసలాడు, నిజంగానే గంతేశాడు. తుడుం మోగింది. ఆడోళ్ళు బిందెలు దింపి చేతులు పట్టుకుని ఆట కట్టారు. మా ఆయన ముఖం మాత్రం కాన్పుల గది బయట నిలబడ్డ మగాడి ముఖంలా ఉంది.

మా అత్త పసుపు చిప్ప పట్టుకుని వచ్చింది. కోడిని అందుకుంది. రెండు కాళ్ళూ కలిపి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేలు పసుపులో ముంచింది.

ఆ వేలు అక్కడే ఆగింది.

ఎడమచేతి బొటనవేలు కోడి కాలి మీద ఒకచోట అటూ ఇటూ రాస్తోంది. పైకి, కిందకి. మళ్ళీ అక్కడికే.

"ఏటి వదినా, పసుపెట్టు" అన్నాడు భీముడు.

అత్త తలెత్తి కొడుకుని చూసింది. తర్వాత కూతుర్ని. అందరూ చూస్తున్నారు. తుడుం కొట్టేవాడు కర్ర పైకెత్తి ఆగాడు.

పసుపు పెట్టింది.

ఊరంతా కేరింతలు కొట్టింది. రాజకుమారి నా చెయ్యి గట్టిగా నొక్కింది. "అయిపోయింది వదినా! రేపు పొద్దున్నే జీపు" అంది చెవిలో. కళ్ళల్లో నీళ్ళు, నవ్వు, రెండూ.

ఇంటికొచ్చాక అత్త ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే మా ఇంట్లో కుక్క కూడా మొరగదు. కోడిని చాప మీద పెట్టింది. మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోమని చేత్తోనే చూపించింది. ఎడమ అరచెయ్యి తెరిచింది.

నీలంగా ఉంది.

"ఇది నా కోడలి మందు" అంది.

నేను నా వేళ్ళు కొంగులో దాచుకున్నాను.

"కాలి మీద సూడు ఫల్గుణా. సుట్టూ గీత. అడివికోడి కాలికి తాడు ఎవుడు కట్టినాడురా?"

సంతలో అమ్మే ప్రతి కోడినీ కాలికి తాడేసే కట్టేస్తారు. రంగు మీద రంగు పూశాను గానీ, తాడు ఒరిసిన గాడి నా కంటికి ఆనలేదు. మా ఆయన తల వంచుకున్నాడు.

"ఆలోచన నాది" అంది రాజకుమారి. "వాళ్ళనేం అనకు."

"తెలుసు. బాణం ఆడిది. బుర్ర నీది."

"అమ్మా, ఎవరికీ ఏం కాలేదు. ఊరంతా ఎంత సంతోషంగా ఉన్నారో చూశావుగా."

"సూసినాను. నా సేత్తో పెట్టిన పసుపు సూసి సంతోసపడినారు." అత్త గొంతు పెంచలేదు. "నీ కాగితంలో తారీకు అబద్ధం. వానాకాలంలో నాను నిన్ను కన్లేదు. అయినా వేలేద్దామనే అనుకున్నాను. నా గుంట అడిగింది, ఆ అబద్ధం నానాడతాను, దాని పాపం నాను మోసుకుంటాను అనుకున్నాను. ఇది నాది కాదు. నన్నడక్కుండా నా సేత ఊరికి అబద్ధం ఆడించినారు."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

"అందుకే అడగాల."

బయట భీముడి వాకిట్లో తుడుం మోగుతూనే ఉంది.

"మరి అందరి ముందూ ఎందుకు పసుపు పెట్టావు?" అన్నాడు మా ఆయన.

"నువ్వు నా కొడుకువి. అంతమందిలో నిన్ను దొంగని సెయ్యలేకపోయినాను. నా తప్పూ ఉంది." అని కూతురి వైపు తిరిగింది. "సుక్రీ, ఎల్లి సెప్పు. నువ్వే సెప్పాల. సెప్తే, నీ కాగితం మీద ఏ తారీకున్నా నాను వేలేత్తాను. సెప్పకపోతే నా వేలు నాకాడే ఉంటాది."

రాజకుమారి వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగింది.

"చెప్తే పండగ మళ్ళీ తెరుస్తారు."

"అవును."

"తెరిస్తే నువ్వు పొలిమేర దాటవు."

"దాటను."

"చెప్పకపోతే వేలెయ్యవు."

"ఎయ్యను."

"ఇదెక్కడి న్యాయమే అమ్మా!" అని అరిచింది. అమెరికా, కంపెనీ, అన్నీ ఎక్కడికో పోయాయి. చిన్నపిల్లలా కాళ్ళు నేలకి కొట్టింది. "చదువుతో కలిపి పన్నెండేళ్ళు తిన్నానో లేదో కూడా చూసుకోకుండా కష్టపడ్డాను. నన్ను నమ్ముకుని పదకొండు మంది ఉన్నారు అక్కడ. నీకు నేను ఎక్కువా, ఈ కోడి ఎక్కువా?"

"నువ్వే ఎక్కువ. కోడికైతే మంచీసెడ్డా సెప్పను, కూర వండుకుంటాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడుపే గెలిచింది.

మా ఆయన లేచాడు. "నేను చెప్తాను. నేనే కొట్టానని ఊరు నమ్మింది."

"కూకో" అంది అత్త.

రాజకుమారి నా వైపు చూసింది. "వదినా, నువ్వు చెప్పు. నువ్వైతే ఏం చేస్తావు?"

నోట్లో నువ్వుగింజ నానదని పేరున్న దాన్ని నేను, ఆ పూట నాకు ఒక్క మాట దొరకలేదు. వెళ్ళమంటే ఆమె బతుకు పోతుంది. వద్దంటే, రేపట్నించి ఈ అత్త ముఖం చూడాల్సింది నేను. అందుకే నోరు మూసుకున్నాను. పిరికితనమే అది.

రాజకుమారి లేచింది. ఒళ్ళోంచి జారిన కాగితాన్ని తీసి, మడతపెట్టి, నా చేతిలో పెట్టింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

మేం ముగ్గురం కూర్చునే ఉన్నాం. తుడుం మోగుతోంది. ఆడోళ్ళ పాట వినిపిస్తోంది. చెప్పకుండా వెనక్కి వచ్చేస్తే బాగుండునని ఒకసారి, చెప్పేస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాను. నా మనసు నాకే తెలియలేదు.

తుడుం ఆగింది.

"సెప్పేసినాది" అంది అత్త. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా మావగారు పోయినప్పుడు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు.

కేకలు లేచాయి. మగ గొంతులు, ఆడ గొంతులు, ఎవరేమంటున్నారో తెలియలేదు. చాలాసేపు సాగింది. ఆ తర్వాత అడుగుల చప్పుడు వినిపించింది. ముందు భీముడు, ఆయన వెనక రాజకుమారి. గుమ్మం అవతల కుర్రకారంతా నిలబడ్డారు. భీముడి చేతిలో విల్లుంది.

"పండగ తెరిసీసినాం వదినా" అన్నాడు భీముడు.

"సరే" అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

"తప్పు సొమ్ము కడతానంది నీ కూతురు. ఒద్దన్నాం. మగాడు ఉత్త సేతుల్తో వస్తే ఏటి సెయ్యాలో మనకి తెలుసు. ఆడది దొంగవేట తెస్తే ఏటి సెయ్యాలో మన తాతలు సెప్పలేదు. అందుకని మేమే ఒక మాట అనుకున్నాం." రాజకుమారి వైపు తిరిగాడు. "తెచ్చినోళ్ళే తేవాల. రేపు తెల్లారగట్ల నువ్వు మాతో వస్తావు. నీ సేత్తో పడితేనే పండగ మూస్తాం."

"చిన్నాన్నా!" అన్నాడు మా ఆయన. "ఆడోళ్ళు వేటకి రావడం ఎక్కడుంది? అది చిన్నప్పుడే ఈ కొండ దిగిపోయింది. దానికి విల్లు ముట్టుకోవడం కూడా రాదు."

"మరి ఆదివారం ఎల్లిపోతాదంట కదా. ఎల్లమను."

శుక్రవారం ఒక్కరోజు. శనివారం ఎస్.కోటలో నోటరీ మధ్యాహ్నం దాకానే ఉంటాడు. ఆ లెక్క మా అందరి బుర్రల్లోనూ తిరుగుతూ ఉండాలి. అయిదు రోజులుగా పన్నెండు మంది మగాళ్ళకి దొరకని వేట.

అత్త కూతుర్ని చూసింది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

రాజకుమారి రెండడుగులు ముందుకేసి, భీముడి చేతిలోంచి విల్లు అందుకుంది.

"ఎలా పట్టుకోవాలి చిన్నాన్నా?" అని అడిగింది.